చీటీలో లేని కంపైలర్

పొద్దున తొమ్మిదిన్నరకి ఊడ్చే ఆవిడ రావడం, మూలనున్న పాత కుర్చీ దగ్గర ఆగి "సార్, కాస్త కాళ్ళు" అనడం, కుర్చీలోని నీడ కాళ్ళు పైకెత్తడం, ఆవిడ కింద ఊడ్చుకుని వెళ్ళిపోవడం ఆ ఆఫీసులో రోజూ ఉన్నదే. నీడ తాలూకు మనిషి రిటైరై మూడేళ్ళయింది. ఆయన ఇంటికి వెళ్ళాడు, నీడ వెళ్ళలేదు. పని తెలిసిన నీడ కదా అని ఆఫీసువాళ్ళూ పొమ్మనలేదు.

ఇప్పుడు ఆ ఉద్యోగంలో ఉన్నది ఆయన కోడలే. ఆస్పత్రి మూడో అంతస్తులో, ఆ కుర్చీ ఉన్న గదే ఆమె ఆఫీసు. ఈ ఆస్పత్రికీ, దీని ఎనిమిది శాఖలకీ కావలసిన ప్రోగ్రాములన్నీ ఒకే ఉమ్మడి కొట్టులోంచి వెళ్తాయి. ఆ కొట్టులోకి సరుకు తయారుచేసి పెట్టడం ఆమె పని. ప్రతి ప్రోగ్రాముకీ ఒక చీటీ ఉంటుంది. దాని తయారీకి ఏమేం కావాలో అందులో రాసి ఉంటుంది. సాయంత్రం ఇంటికెళ్ళి "మీ నీడ బాగానే ఉంది మావయ్యా" అని చెబితే, ఆయన తలూపి మళ్ళీ పేపర్లో మునిగిపోయేవాడు.

ఆ రోజు మాత్రం ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. మావయ్యకు నెల్లాళ్ళుగా దగ్గు, రెండుసార్లు రక్తం పడింది. రెండుసార్లూ స్కాన్ తీశారు, రెండుసార్లూ తెరంతా నల్లగా వచ్చింది. పక్కటెముక ఒక్కటైనా పడలేదు. బొమ్మ గీసే ప్రోగ్రాము పాతబడిందనీ, కొత్తది పెట్టాల్సిందేననీ డాక్టరు తేల్చాడు. మిగతావాళ్ళకు బాగానే వస్తోంది కదండీ అంటే, కంప్యూటర్లంతేనమ్మా అన్నాడు. డాక్టరు ఆ మధ్యాహ్నం మూడింటికి ప్రయాణమై వెళ్తే మళ్ళీ నెలకి గానీ రాడు. మూడింటిలోగా బొమ్మ పడితే ఆపరేషన్ సంగతి తేలుతుంది, లేకపోతే నెల ఆగాలి. మావయ్య నెల ఆగగలడా అన్నది ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు.

పదింటికి ఆమె కొత్త ప్రోగ్రాము తయారీకి పెట్టింది. ఈ ఏడాది నుంచి కొట్టు సరుకంతా కంప్యూటరు లోపలే కట్టిన ఒక మూసిన గదిలో తయారవ్వాలని రూలు. చీటీలో రాసినవి తప్ప ఇంకేవీ ఆ గదిలోకి రావు. అరగంట నడిచి అది ఆగిపోయింది. కంపైలర్ కనబడలేదంది.

మనిషి రాసినదాన్ని మిషన్ నడపగలిగేలా మార్చే పనిముట్టు కంపైలర్. అది లేనిదే ఏ ప్రోగ్రామూ లేదు. గది బయట పేరు కొట్టి పిలిస్తే ఠక్కున పలికింది, లోపల మాత్రం లేదంటోంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది ఆమె పని. చివరికి, కొత్తదానికీ వాడుతున్న మావయ్య పాత చీటీ తెరిచి చూస్తే అసలు అందులో కంపైలర్ మాటే లేదు. కింద స్కాన్ గది బయట కూర్చున్న ఆయనకు ఫోన్ చేసింది.

"చీటీలో కంపైలర్ రాయలేదేంటి మావయ్యా?"

"అదెందుకమ్మా రాయడం? నా మిషన్ మీద ఎప్పుడూ ఉండేదే కదా. వంట చీటీలో పొయ్యి అని ఎవరైనా రాస్తారా?"

అంతలో దగ్గు అందుకుంది. ఫోన్ భర్త తీసుకున్నాడు. నాన్నని కూర్చోబెట్టడమే కష్టంగా ఉంది, తొందరగా కానీ అన్నాడు.

కంపైలర్ అని రాసి మళ్ళీ పెట్టింది. అరగంటకి, తయారైన ముక్కల్ని ఒకటిగా కలిపే లింకర్ లేదంది. అదీ రాసింది. ఇంకో అరగంటకి ఏదో దొరకలేదంది గానీ, ఆ ఏదో ఏమిటో చెప్పలేదు. తోచినవన్నీ రాసి చూసింది. పన్నెండున్నరైంది. మావయ్యకేమైనా అయితే నా చేతగానితనం వల్లే అనుకుంది.

దారి తోచక, మూసిన గదిని వదిలేసి, మావయ్య పాత మిషన్ మీద పాత పద్ధతిలో పెట్టింది. చక్కగా నడిచింది గానీ, అలా చేసిన సరుకును కొట్టు తీసుకోదు. అది నడుస్తుండగా తలెత్తి చూస్తే నీడ చెయ్యి గోడ మీద సాగి, ఏదో అందించి వెనక్కి వచ్చింది. ఆ చెయ్యి అలా కదలడం మూడేళ్ళుగా చూస్తూనే ఉంది, పెద్దవాళ్ళకుండే అలవాటనుకుంది. ఈసారి మొదటినుంచి పెట్టి, చెయ్యి కదిలినప్పుడల్లా తయారీ ఆపి, మిషన్ అప్పుడు దేన్ని పిలిచిందో చూసింది. మొదట కంపైలర్, తర్వాత లింకర్. మూడోసారి ఫోర్ట్రాన్ కంపైలర్. ప్రోగ్రాములో ఓ చిన్న లెక్క ఆ పాతకాలపు భాషలో ఉండిపోయిందని అందరూ మర్చిపోయారు.

"ఇన్నాళ్ళూ అన్నీ మీరే అందిస్తున్నారన్నమాట," అంది నీడతో. కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

చీటీలో రాసి, ఒకటీ నలభైకి మూసిన గదిలో మళ్ళీ పెట్టింది. తెర వైపు చూడలేక గోడ వైపే చూస్తూ కూర్చుంది. చెయ్యి కదల్లేదు. రెండూ పదికి సరుకు కొట్టులో చేరింది. నీడ కాసేపు ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉండి, మోకాళ్ళ మీద బరువు వేసి లేచింది. గోడ వెంబడే నడిచి మెట్లు దిగిపోయింది. ఊడ్చే ఆవిడ పక్కకి తప్పుకుని, "ఇవాళ సార్ తొందరగా బయల్దేరారు," అంది.

ఆమె పరుగున కిందకి వెళ్ళేసరికి స్కాన్ అయిపోయింది. తెర మీద పక్కటెముకలన్నీ ఉన్నాయి, గుండె ఉంది. ఎడమ ఊపిరితిత్తిలో కందిగింజంత మచ్చ ఉంది. డాక్టరు దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంత చిన్నగా ఉండగానే దొరకడం అదృష్టం. రేపు పొద్దున్నే తీసేసి, తర్వాతే ప్రయాణమవుతాను," అన్నాడు.

మావయ్య బల్ల దిగాడు. గచ్చు మీద ఆయన కాళ్ళను పట్టుకుని నీడ నిలబడింది. స్కాన్ తీసే అతను సంతోషంగా, పాత ప్రోగ్రాము తయారుచేసిన వాళ్ళదే తప్పు, లేకపోతే మొదటిరోజే కనబడేదన్నాడు. అందులో ఏ తప్పూ లేదని, నీడ దగ్గర లేని మనిషికి బొమ్మ పడదని ఆమెకిప్పుడు తెలుసు. తన కొట్టు సరుకును ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునే మనిషి కాదు ఆమె.

"అవునండీ, తప్పు మాదే," అంది, మావయ్య చెయ్యి గట్టిగా పట్టుకుని.