తాతయ్యదీ ఇదే రక్తం

జిప్పు పళ్ళ మీద మైనం రుద్ది రన్నరును లాగాడు. జర్రున కదిలింది. సూట్‌కేసు తెచ్చినావిడ నమ్మలేక తనూ ఒకసారి లాగి చూసుకుంది. కొత్తది కొనిపిద్దామని వెంట వచ్చిన ఆవిడ కూతురి మొహం మాడిపోయింది. జిప్పుల తాత మీసాల్లోనే నవ్వుకున్నాడు. వంతెన మెట్ల కింద, లేచి నిలబడితే తల తగిలే మూల ఆయనది. రన్నర్లు నొక్కి నొక్కి బొటనవేలి గోరు మందంగా, బూడిదరంగుగా మారిపోయింది.

అంతలో తాత కూతురు మనవణ్ణి తీసుకొచ్చింది.

"నాన్నా, వీడికి ఒళ్ళు కాలిపోతోంది. ఒంటికి పోస్తుంటే మంటంటున్నాడు. నాకేమో డ్యూటీ టైమైపోతోంది."

"నువ్వెళ్ళమ్మా, మేం చూసుకుంటాం."

డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఆయనకు భయం. పెళ్ళైన కొత్తలో మలేరియా మాత్రలు వేసుకుంటే కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం డికాక్షన్‌లా వచ్చింది. చావు తప్పింది. పుట్టుకతో వచ్చిన లోపమనీ, కొన్ని మందులు వాడితే ఎర్ర రక్తకణాలు చిట్లిపోతాయనీ అప్పుడే తెలిసింది. ఆ లోపం కూతురి మీదుగా మనవడికి చేరింది. "నా ఆస్తిలో వీడికి దక్కింది ఇదొక్కటే" అని నవ్వేవాడు గానీ, వాడికి మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఆ సంగతే కథలా చెబుతూ వచ్చాడు.

క్లినిక్‌లో కొత్త డాక్టరమ్మ. మూత్రపరీక్ష చూసి, "ఇన్‌ఫెక్షనే. యాంటీబయాటిక్ రాస్తాను. బాబుకి పడని మందులేమైనా ఉన్నాయా?" అంది.

తాత గొంతు సవరించుకునేలోగా మనవడు స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు.

"నా రక్తంలో పుట్టుకతోనే లోపం ఉందండి. సల్ఫా మందులు పడవు. ఇంకా కొన్ని పడవు, చూసి రాయండి. తాతయ్యదీ ఇదే రక్తం."

డాక్టరమ్మ కలం ఆగింది. "నేను రాయబోయింది ఆ జాతి మందే. భలేవాడివి నాన్నా!" పుస్తకం తిరగేసి వేరే మందు రాసింది. "ఇది వాడొచ్చు. అయినా మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్ళు పచ్చబడినా వెంటనే తీసుకురండి."

బయటికొచ్చాక తాత అన్నాడు, "ఏరా, నన్ను నోరెత్తనివ్వవేం?"

"నువ్వు మొదటి నుంచీ మొదలెడతావు తాతయ్యా. సాయంత్రమైపోతుంది."

ఆయన నవ్వి నవ్వి దగ్గాడు. ఇన్నేళ్ళుగా గుండెల మీదున్న బరువు ఎవరో దించినట్టయింది. ఆ పూట ఇక పనికి పోలేదు. మందూ, కమలాపళ్ళూ కొనుక్కుని ఇద్దరూ ఇంటికెళ్ళారు.

సాయంత్రం మనవడు బాత్రూములోంచి, "తాతయ్యా, రంగు బానే ఉంది!" అని వీధంతా వినేలా అరిచాడు. "నా తండ్రే!" అన్నాడు తాత, కిటికీ పక్క కుర్చీలోంచి. వాడు వెళ్ళి పడుకున్నాడు.

కూతురు వచ్చేసరికి కొడుకు ఆదమరిచి నిద్రపోతున్నాడు. ఒళ్ళు కాస్త చల్లబడింది. "నాన్నా, డాక్టరేమన్నారు?" అంటూ కుర్చీ దగ్గరికొచ్చింది. గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. కునుకు పట్టిందనుకుని చెయ్యి తట్టింది. ఆ చేతిలో వెచ్చదనం లేదు. మొహం మాత్రం హాయిగా ఉంది.

ఆయన ఒళ్ళో పళ్ళెం అలాగే ఉంది. దాని నిండా కమలా తొనలు, మనవడి కోసం ఒక్కొక్కటీ పీచు తీసి, గింజ తీసి పెట్టినవి.