లావు తీగ పైనుంది

మా ఆయన వెండెల్‌ది ఎడమచేతి వాటం. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆ సంగతి మర్చిపోయే అవకాశం నాకు ఒక్కనాడూ ఇవ్వలేదు. గిటార్ మీద పాట మధ్యలో వేళ్లు తడబడితే చాలు, "అసలైన ఎడమచేతి గిటార్ ఒక్కటుంటేనా" అనేవాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. మా ఇంట్లో ఆ మద్దెల వారానికి రెండుసార్లు ఓడయ్యేది.

వాయించేది వాళ్లన్న ఇచ్చిపోయిన కొయ్య గిటార్. అది కుడిచేతి వాళ్లది. పన్నెండేళ్ల వయసులో దాన్ని తిప్పి పట్టుకుని నేర్చుకున్నాడు. తీగలు విప్పి తన చేతికి తగ్గట్టు బిగించుకుందామంటే, "తీగ మీద చెయ్యేశావంటే ఆ చెయ్యి నీది కాదు" అన్నాడట అన్న. కాబట్టి అందరికీ పైన ఉండే లావు తీగ ఈయనకు కిందకొచ్చింది, కిందుండే సన్న తీగ పైకెక్కింది. ఆ తర్వాత యాభై ఏళ్లు అలాగే గడిచిపోయాయి. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి.

మార్చి నెలలో మా చర్చిలో గిటార్ వాయించే బ్రదర్ ఎల్బర్ట్ కీళ్లనొప్పులని కుర్చీ ఖాళీ చేశాడు. పాటల బృందాన్ని నడిపే సిస్టర్ ఎర్నస్టీన్ ఆరాధన అయ్యాక మా దగ్గరికొచ్చింది.

"బ్రదర్ వెండెల్, ఆ కొయ్యది ముప్పైమంది గొంతుల్లో వినపడదు. మట్టల ఆదివారానికి ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకురా, కుర్చీ నీదే. తేలేదనుకో, నా ఫోన్లో పాటలన్నిటికీ సంగీతం ఉంది. అది వేళకొస్తుంది, వంకలు చెప్పదు" అంది.

ఇరవై ఏళ్లుగా మూడో వరసలో నా పక్కన కూర్చుని, ప్రతి పాటకీ మోకాలి మీద వేళ్లు ఆడించే మనిషి వెండెల్. ఆ కుర్చీ వైపు ఎలా చూసేవాడో నాకు తెలుసు. నన్ను కూడా అలా చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే చలికోటు కోసం దాచుకున్న మూడు వందల డాలర్లు తీసి బల్ల మీద పెట్టాను.

"నీటా, నీ కోటు?" అన్నాడు.

"మన ఫ్లింట్ ఊళ్లో చలి ఎక్కడికీ పోదులే. ఏటా వస్తుంది."

వెతకడం మొదలుపెట్టాం. పెద్ద దుకాణంలో గోడ నిండా గిటార్లున్నా, ఎడమచేతిది ఒక్కటే ఉంది, తొమ్మిది వందలట. నూట యాభైకి కుడిచేతివి బోలెడున్నాయి.

"ఇదే కొని ఎప్పట్లా తిప్పి పట్టుకో" అన్నాను.

"తిప్పితే ఈ మీటలన్నీ మోచేతి కిందకొస్తాయి. చెయ్యి ఊపినప్పుడల్లా శబ్దం పోతుంది. నీకు తెలీదు, ఊరుకో."

ఊరుకున్నాను. సాగినా ఊళ్లో ఒకాయన రెండు వందలకి అమ్ముతానంటే ముప్పై అయిదు మైళ్లు వెళ్లాం. దాని మెడ విల్లులా వంగి ఉంది. ఆఖరికి తిరిగొస్తుంటే మా వీధి చివరే, నబీల్ తాకట్టు కొట్లో, మంచు ఎత్తే పాత పారల వెనక దొరికింది. ఎర్రటిది. దాని మీద ఎవరూ ఎరగని పేరుంది.

"ఆరేళ్లుగా వేలాడుతోందమ్మా. అందరూ ముచ్చటపడి దింపుతారు, ఎడమచేతిదని తెలియగానే మళ్లీ తగిలించేస్తారు. రెండు వందల అరవై ఇవ్వండి, తీగలు కొత్తవేసిస్తా" అన్నాడు నబీల్.

వెండెల్ ఒక కన్ను మూసి వడ్రంగి వాసం చూసినట్టు మెడ వెంట చూశాడు. వంకర లేదు. మీటలు తిప్పాడు, గరగర లేదు. వీపు తట్టి చెవి పెట్టి విన్నాడు. ఎందుకో నాకిప్పటికీ తెలీదు, గిటార్ వాళ్లంతా అదే చేస్తారు. వాయించు అంటే మాత్రం, "కొట్లో వాయించడం పొగరబోతుల పని" అన్నాడు. డబ్బిచ్చేశాం. ఇంటికొచ్చేదాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు, కారు నేనే నడిపాను. ఆ మొహంలో వెలుగు చూస్తే నాకు కోటు లేకపోయినా వెచ్చగానే ఉంది.

ఆ రాత్రి గిటార్ మోగలేదు. మర్నాడూ మోగలేదు.

"ఏమైంది?"

"కొత్త తీగలు కదా, కుదురుకోవాలి."

మూడోనాడు ఇంటి కరెంటు బాగాలేదన్నాడు. నాలుగోనాడు వాతావరణంలో తేమ అన్నాడు. వాయించకపోతే పోనీ, వంకలు చెప్పేటప్పుడు నా మొహంలోకి చూడటం కూడా మానేశాడు. తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు. మట్టల ఆదివారం మూడు రోజుల్లో ఉంది.

గురువారం బట్టలు ఉతకడానికి నేలమాళిగలోకి దిగితే అక్కడున్నాడు. నాలుక పళ్ల మధ్య బిగబట్టి, పలక మీద అక్షరాలు దిద్దే పిల్లాడిలా ఎర్ర గిటార్ మీద వంగి ఉన్నాడు. ఒక్కో తీగ వెతుక్కుంటున్నాడు. పసిపిల్లలు పాడుకునే పాట కూడా పలకడం లేదు.

"వెండెల్, ఏంటిది?"

పైతీగ మీద వేలు పెట్టి చూపించాడు. తర్వాత చిన్నగా, "లావు తీగ పైనుంది" అన్నాడు.

"అయితే?"

"అసలైన ఎడమచేతి గిటార్‌కి అక్కడే ఉంటుంది. యాభై ఏళ్లుగా నాకు కిందుంది. నా చేతులకి ఇది తెలీదు, నీటా."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక మెట్ల మీద కూలబడి నవ్వాను. ముప్పై రెండేళ్లు నన్ను వేపుకు తిన్న ఆ అసలైన గిటార్ తీరా చేతికొస్తే, అది కుడిచేతి వాళ్లకి ఎంత పరాయిదో ఈయనకీ అంతే పరాయిది. కళ్లనీళ్లు తుడుచుకుని చూస్తే ఆయన నవ్వడం లేదు.

"కొట్లోనే చెప్పొచ్చుగా."

"నువ్వు అప్పటికే పర్సు తీశావు. నీ కోటు డబ్బులు. అంత సంతోషంగా ఇస్తున్నావు, ఎలా చెప్పను? నాలుగు రోజుల్లో చేతులకి అలవాటైపోతుందిలే అనుకున్నా" అన్నాడు. "ఎర్నస్టీన్‌ని ఫోన్ పెట్టుకోమని చెప్పేస్తాలే."

నాకు నవ్వు ఆగిపోయింది. ఆయన మీద కోపం రావాలి, కానీ జాలేసింది. చేయి పట్టుకుని, గిటార్ ఆయన చేతికిచ్చి, నబీల్ కొట్టుకి లాక్కెళ్లాను.

సంగతి విని నబీల్ బల్ల మీద తలపెట్టి నవ్వాడు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని, తీగలు విప్పాడు. మెడ చివర తీగలు కూర్చునే గాట్ల ముక్క పీకి, ఎముకతో చేసింది కొత్తది పెట్టి, గాట్లు అటువి ఇటుగా కోశాడు. తీగలు తలకిందులుగా ఎక్కించాడు, సన్నది పైన, లావుది కింద.

"ముక్కకి పన్నెండు డాలర్లు. నవ్వు ఉచితం" అన్నాడు. "అయ్యా, ఇక దీన్ని మళ్లీ నా దగ్గరికి తేకండి. కుడిచేతివాడు కొనడు, ఎడమచేతివాడూ కొనడు. ప్రపంచంలో దీనికి మీరొక్కరే."

వెండెల్ కొట్లోనే కూర్చుని వాయించాడు. పొగరబోతుల పని అన్నది గుర్తు చేశాను. వినిపించుకోలేదు.

మట్టల ఆదివారం వెండెల్ ఎర్ర గిటార్‌ని చర్చిలోని పాత శబ్దం పెట్టెకి తగిలించి, ఎల్బర్ట్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాడు. మొదటి పాటలో వేళ్లు తడబడ్డాయి. రెండోదానికి కుదురుకున్నాయి. మూడో పాటకి సిస్టర్ ఎర్నస్టీన్ ఫోన్ సంచిలో పడేసి చేతులెత్తి పాడింది. మూడో వరసలో ఈసారి నేనొక్కదాన్నే ఉన్నాను. పక్కనున్న ఖాళీ చూసి ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఇంటికెళ్లేటప్పుడు కారులో వంక కోసం ఎదురుచూశాను. రెండు కూడళ్లు దాటాం. మూడోదీ దాటాం. ఏ వంకా రాలేదు. ఆయన కిటికీ అద్దం దించి, ఊరికే రోడ్డు చూస్తూ కారు నడుపుతున్నాడు. ముప్పై రెండేళ్లుగా విన్న మాట ఇక వినపడదనుకుంటే నాకే ఏదోలా అనిపించింది.

"ఆ శబ్దం పెట్టె ఒక్కటి కొంచెం మంచిదుంటేనా" అన్నాను.

ఎర్రదీపం దగ్గర కారాపి నా వైపు తిరిగి చూశాడు.

"ముందు నీ కోటు కొందాం" అన్నాడు.