ఉతకని చొక్కా

త్యాగరాజు మాట విని చెడిపోయానని శేషగిరి కనిపించిన ప్రతి తెలుగువాడికీ చెప్పేవాడు. త్యాగరాజు స్వయానా బావమరిది, ఢిల్లీలో సెక్షన్ ఆఫీసరు. "బావా, నువ్వుండేది ఫ్యాక్టరీల సందులో. ఆ పొగకే పిల్లకి ఆయాసం. ఊళ్ళో తోట అమ్మేసి పార్కు పక్కన ఫ్లాట్ కొను, అదే తగ్గుద్ది" అన్నాడు. ఎనిమిదితో బడి మానేసిన శేషగిరికి చదువుకున్నవాడి మాట వేదం. తోట అమ్మి, ఫరీదాబాద్‌లోనే పార్కు పక్కన రెండు గదులు కొన్నాడు. పదకొండేళ్ళ కూతురు వాసవికి మాత్రం పిల్లికూతలు తగ్గలేదు.

దీపావళి వెళ్ళాక భార్య ఉమ పిల్లను తీసుకుని తునిలో పుట్టింటికి వెళ్ళిపోయింది. పది రోజులకే కూతలు ఆగాయని ఫోన్ చేసింది.

శేషగిరిది కార్లకు రంగు కొట్టే పని. గ్యారేజీ యజమాని మాస్కు ఇస్తే, "నాకు ముసుగెందుకు భయ్యా, పెళ్ళికూతుర్నా?" అని అందరినీ నవ్వించి తుండుగుడ్డే చుట్టుకున్నాడు. పనిచొక్కాతోనే ఇంటికొచ్చి తలుపు వెనక కొక్కేనికి తగిలించేవాడు. ఆయన రావడం ఆలస్యమైతే వాసవి నిన్నటి చొక్కా తలకింద పెట్టుకుని పడుకునేది.

ఇప్పుడు ఆ కొక్కేనికి ఎదురుగా ఒక్కడే కూర్చుని తింటున్నాడు. ఫోన్ మోగింది. వాసవి, నిద్ర పట్టడం లేదట.

"పప్పా, నీంద్ నహీ ఆతీ. ఆప్‌కీ షర్ట్ భేజ్ దో."

"ఉతికి పంపుతాలే తల్లీ."

"ధోనా మత్."

ఉతికితే అందులో నాన్న ఉండడట. ఆ మాటకి శేషగిరి రెండు రోజులు ఎవరినీ తిట్టలేదు. వాసన పోకుండా చొక్కాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతి బిగించి కట్టి, తుని వెళుతున్న తెలిసిన కుర్రాడు సాయిప్రకాష్ చేతికిచ్చాడు.

చొక్కా చేరిన మర్నాడు పొద్దున్నే ఉమ ఫోన్.

"ఊపిరందక పిల్ల పెదాలు నల్లబడిపోయాయండీ. ఆసుపత్రిలో ఉన్నాం. ఇప్పుడు నయమే. డాక్టరుగారు పిల్ల చేతిలోంచి వదలని ఆ చొక్కా వాసన చూసి, మీ ఆయన ఏం పని చేస్తారమ్మా అన్నారు. థిన్నరూ, రంగులో కలిపే హార్డ్‌నరూ బట్టలకి పట్టి ఇంటికొస్తాయంట. దీనికి పడనిది అదేనంట."

"ఎప్పుడొస్తారు?"

"మీరా పనిలో ఉన్నన్నాళ్ళూ రామండీ. ఇక్కడే బళ్ళో వేస్తాను."

ముప్పై ఏళ్ళుగా శేషగిరి చేతిలో ఉన్న విద్య అదొక్కటే.

సాయంత్రం త్యాగరాజు ఫోన్ చేశాడు. "పిల్లకెలా ఉంది బావా? నన్ను తిట్టుకుంటున్నావట, ఫ్లాట్ అమ్మిపెట్టమంటావా?"

శేషగిరి నోటిదాకా వచ్చిన తిట్టు ఆగిపోయింది. "ఫ్లాట్‌లో దోషం లేదురా" అన్నాడు.

"మరి?"

ఫోన్ పెట్టేశాడు. చొక్కా విప్పి తలుపు దాకా వెళ్ళి, తగిలించకుండా నిలబడ్డాడు. తోట ఉండుంటే రేపే స్ప్రేగన్ కింద పడేసి రైలెక్కేవాడు. పిల్లకు పడే గాలి, తను చేయదగ్గ పని, రెండూ తునికి ఆరు మైళ్ళలో ఒక్కచోటే ఉండేవి. కాపుకొచ్చిన జీడిమామిడి, ఎకరం అరవై రెండు సెంట్లు.