గోతులు తవ్వే చేతికి ఏ రాయి

ఇదాలినా మళ్లీ పెళ్లికి ఒప్పుకుందట. చీజు రొట్టెలు అమ్ముకునే ఆ విధవరాలిని చేసుకోబోయేది శ్మశానంలో గోతులు తవ్వే ఒటాసిలియు అట. కాకపోతే ఓ మెలిక పెట్టిందట. అతని పనికి తగిన రాయి వేలికి ఉంటేనే చెయ్యి పట్టుకోనిస్తుందట, లేకపోతే అతను పూడ్చినవాళ్లంతా వెంటే ఇంట్లోకి వచ్చేస్తారట. పక్కింటి జురేమా మా ఆవిడకు చెబితే, మా ఆవిడ కాఫీతోపాటు నాకు అందించింది.

మా ఊరు ఆరసువాయిలో రాళ్లు సానపట్టేది నేనే కాబట్టి చిక్కంతా నా నెత్తిన పడింది. మా బ్రెజిల్‌లో చదువు పూర్తిచేసినవాడి ఉంగరానికి రాయి ముందే ఖాయమై ఉంటుంది. డాక్టరుకు పచ్చ, వకీలుకు కెంపు, ఇంజనీరుకు నీలం. ఎవరి పనిని వాళ్ల రాయి కాస్తుందని నమ్మకం. గోతులు తవ్వేవాడికి ఏ కాలేజీ పట్టా ఇవ్వలేదు, ఏ రాయీ కేటాయించలేదు.

శనివారం ఇద్దరూ దుకాణానికి వచ్చారు. ఒటాసిలియు గోళ్లు తోమీ తోమీ వేళ్లు ఎర్రగా చేసుకొచ్చాడు. ఉంగరం వదులు చేయించుకోవడానికి వచ్చిన డాక్టరు అఫ్రానియు అప్పటికే బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

నల్లరాయి తీశాను. "దిష్టికి మంచిది బావా."

"పగలంతా నేను చూసేది ఏడ్చేవాళ్ల నల్లబట్టలే. ఇంటికొచ్చాక కూడా నలుపేనా?" అన్నాడు ఒటాసిలియు.

ఊదారాయి తీశాను.

"అది బిషప్పులు పెట్టుకునేది," అంది ఇదాలినా. "ముసలమ్మలంతా ఈయన చెయ్యి ముద్దుపెట్టుకోవడానికి వరస కడితే నేనూరుకోను."

"వాళ్లే నయం. మెలికలు పెట్టరు."

ఆమె అతని భుజం మీద ఒక్కటి వేసి, పళ్లెంలోంచి ఆకుపచ్చ రాయి ఏరి కిటికీ వెలుతురులో పట్టుకుంది.

"వానపడ్డాక నువ్వు కప్పిన మట్టి మీద మొలిచే గడ్డి ఇలాగే ఉంటుంది కదూ. ఇదైతే పూడ్చినవాళ్లు అక్కడే హాయిగా పడుకుంటారు. ఎవరూ వెంట రారు."

పాత ఉంగరంలో ఆ రాయి కూర్చి ఇచ్చాను. అతను తొడుక్కున్నాడు. ఆమె మా అందరి ముందే ఆ చెయ్యి పట్టుకుంది. అతని మొహం పెళ్లిపందిరిలా వెలిగిపోయింది.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "పచ్చరంగు మా డాక్టర్లదమ్మా. ప్రాణం నిలబెట్టేవాళ్లది. గోతులు తవ్వేవాడికీ దానికీ ఏం సంబంధం?"

ఇదాలినా పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"పోయిన మా ఆయన్ని ఈయన దగ్గరికి పంపింది మీరే కదండీ, డాక్టరుగారూ."