వానకు కాపలా

నిన్నటి వానకి తడిసిన బట్టలు ఆమె మళ్లీ పిండి ఆరేస్తోంది. "అమ్మ ఉన్నప్పుడు ఒక్క చొక్కా అయినా తడిసిందా?" అన్నాడు భర్త, గుమ్మంలో కుర్చీ వేసుకుని. వాన పడ్డప్పుడు ఆమె బడిలో పాఠం చెబుతోంది. అతను ఇంట్లోనే ఉన్నాడు.

తడవలేదు, నిజమే. అత్తయ్య వంటింటి కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చునేది. చెంపకి పడమటి గాలి తగిలితే చాలు, "లేవవే, వచ్చేస్తోంది!" అనేది. ఇద్దరూ దండెం దగ్గరికి పరుగు. పొడి బట్టల ఎండ వాసన, అత్తయ్య భుజాన గుట్టగా దుప్పట్లు, వెనకే మొదటి చినుకు. వానని ఓడించినట్టు విరగబడి నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు తలుచుకుంటే, ఈ ఇంట్లో తను మనసారా నవ్వింది ఆ దండెం దగ్గరే అనిపిస్తుంది.

చివరి రెండు మూడేళ్లలో ఆ గురి తప్పింది. పడమటి గాలి ఊసే లేకుండా, తూర్పు నుంచి, వేళ కాని వేళ వాన దిగేది. ఒకసారి తడిసిన దుప్పటి ఒళ్లో పెట్టుకుని, "ముసలిదాన్నైపోయానే, ఎందుకూ పనికిరాకుండా పోయాను" అని అత్తయ్య కళ్లు తుడుచుకుంది.

పిల్లలకి భూగోళం చెప్పే కోడలు పక్కన కూర్చుంది. "మీ తప్పు కాదత్తయ్యా. సముద్రం వేడెక్కి పైగాలుల దారి మారింది. మన పడమటి వానని అవి ఉత్తరాదికి మోసుకుపోతున్నాయి. మనకి పడేదేదో తూర్పు నుంచి వచ్చి ఒక్కసారే కుమ్మరిస్తోంది."

"గాలి కూడా దారి మార్చుకుందన్నమాట," అంది అత్తయ్య. "నేనే, బట్టలు తడుస్తాయని, వానాకాలంలో ఒక్కనాడూ పుట్టింటి గడప తొక్కలేదు."

అత్తయ్య పోయి నెల దాటింది. ఈ ప్రాంతపు వానలు ఎటు పోతున్నాయో, ఏ గాలులు వాటిని నడిపిస్తున్నాయో పరిశీలించడానికి వాతావరణ కేంద్రం వాళ్లు కొందరు టీచర్లను పిలిచారు. అందులో ఆమె ఉంది. వానాకాలమంతా వేరే ఊళ్లో ఉండాలి. వచ్చేదీ రానిదీ ఇవాళే చెప్పాలి.

"నువ్వు పరిశీలిస్తే వాన ఆగుతుందా?" అని రాత్రే నవ్వాడు భర్త. "ఇక్కడ ఇల్లెవరు చూస్తారు?"

ఖాళీ బకెట్టుతో ఆమె లోపలికి వచ్చింది. అత్తయ్య పీట మీద కూర్చుని వాతావరణ కేంద్రానికి ఫోను చేసి, "వస్తున్నానండీ," అని చెప్పి పెట్టేసింది.

తూర్పున మబ్బు కమ్ముకుంది.

"బట్టలు!" అన్నాడతను, కుర్చీలోంచి కదలకుండా.

"అవునండీ," అంది ఆమె, కిటికీలోంచి చూస్తూ. "ఇప్పుడు లేస్తే అందుకుంటారు."