రెండో సీటు

జయరాముడు పాలిషు గుడ్డ పక్కన పెట్టి, బానెట్టు మీద అరచేతిని మెల్లగా జరిపాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. నాలుగేళ్లుగా ఫైబర్ నూగు గుచ్చుకుని ఆ వేళ్ల చివర్లు బండబారాయి. మెడ మీద, మోచేతుల లోపల గోకిన మచ్చలు. యాభై మూడేళ్ల మనిషి, నిలబడినా వంగినట్టే ఉంటాడు.

గల్ఫ్‌లో, సమాయిల్ అనే ఊళ్లో యజమాని ఇంటి గరాజ్ అది. యజమానిని పనివాళ్లంతా అర్బాబ్ అంటారు. కారు ఆయన తండ్రిది. పెట్టెల్లో విడిభాగాలుగా తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకునే రకం. ఫైబర్ ఒళ్లు, రెండే సీట్లు. ముప్పై ఏళ్లు ఖర్జూరపు తోటలో ఎండకు పగిలింది. ఒకప్పుడు పడవల మరమ్మతులో ఫైబర్ పని నేర్చిన జయరాముడు వారమంతా తోటపని చేసి, శుక్రవారాలు దీనికి ధారపోశాడు. ఆ శుక్రవారాలకు జీతం లేదు.

"బండి తయారయ్యాక మొదటి రౌండు నా పక్కన నువ్వే" అని అర్బాబ్ ఒకసారి ఉత్సాహంలో అన్నాడు. అన్నవాడు మరిచిపోయే మాట అది. ఈ పిచ్చివాడు మాత్రం దాన్నే పట్టుకుని బతికాడు. జీవితంలో ఎన్నో కార్లు కడిగాడు, ఒక్కదాంట్లోనూ ముందు సీట్లో కూర్చోలేదు.

పొద్దున జగిత్యాలకు ఫోన్ చేసి భార్యతో చెప్పాడు. "సత్తవ్వా, ఇయ్యాల్నే కూసుంటున్న. ఫోటో పంపుత."

"దిష్టి తాకుతది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కియ్యుండ్రి. మర్సిపోకుండ్రి."

మరిచిపోలేదు. బానెట్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ముందు టైర్ల కింద రెండు నిమ్మకాయలు ఉంచాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు.

అర్బాబ్ తన కూతురు నాదియాతో వచ్చాడు. ఎర్రబొట్టూ నిమ్మకాయలూ చూడగానే ఆ పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుంది.

"సిహ్ర్!" అంది. చేతబడి అని.

ఇంట్లో అర్బాబ్ ముసలి తల్లికి రెండు నెలలుగా జ్వరం తగ్గడం లేదు. ఇప్పుడు దానికి కారణం దొరికింది. జయరాముడికి భయంతో "పూజా, పూజా" తప్ప మాట పెగల్లేదు. అర్బాబ్ డ్రైవర్ సమీయుల్లా వైపు తిరిగి, ఇదేమిటని అడిగాడు. సమీయుల్లాది కడప. అక్కడ తన కొత్త ఆటోకు తనే నిమ్మకాయలు తొక్కించాడు.

"మాలూమ్ నహీ, అర్బాబ్."

నాలుగేళ్లు ఒకే గిన్నెలో తిన్న మనిషి తనకేమీ తెలియదన్నాడు.

అర్బాబ్ కొట్టలేదు, తిట్టలేదు. నిమ్మకాయలను కాలితో తన్ని, బొట్టు తుడిపించి, సమీయుల్లాను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కారు మొదటి తిప్పుకే అందుకుంది. గేటు దాటేదాకా జయరాముడు చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా గడగడ లేదు. సిగ్గు లేకుండా సంతోషించాడు.

నాలుగో రోజు వీసా రద్దు చేసి పంపేశారు. విమానాశ్రయానికి పికప్‌లో దింపింది సమీయుల్లానే.

"నాకూ బిడ్డలుండారు కదన్నా" అన్నాడు దారిలో.

"ఎర్కే" అన్నాడు జయరాముడు. దిగేముందు అడిగాడు, "సీటు మెత్తగున్నదా?"



గరాజ్ మూలకు దొర్లిన ఒక నిమ్మకాయ మాత్రం ఎవరి కంటా పడలేదు. ఆ ఇంటి వంటగదిలో కూరలకు దాచుకునే ఎండు నిమ్మకాయల్లాగే, వేసవి గడిచేసరికి అదీ నల్లగా, గట్టిగా, ఊపితే లోపల గింజలు గలగలలాడేలా ఎండిపోయింది.