చప్పుడు ఆగిన ఆదివారం

నా గుండెలో లోహపు వాల్వు ఉంది. పాడైనదాన్ని తీసేసి విశాఖపట్నంలో డాక్టర్లు వేసిన కొత్తది. అది టిక్కు టిక్కుమంటుంది. చర్చిలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నా చప్పుడొక్కటే వినిపించి పిల్లలు కిసుక్కుమనేవాళ్లు. మా అత్త రూతమ్మకు తల కొట్టేసినట్టుండేది. నన్ను 'గడియారం కోడలా' అని పిలిచేది.

రెండువేల ఆరు, శ్రమల దినాలు. మా ఇంట్లో ఈస్టరు దాకా చేపా మాంసం ముట్టం. అత్త అనకాపల్లి మార్కెట్టు నుంచి మునగాకు, తోటకూర మోపులు తెచ్చి రోజూ అదే వండింది.

"అత్తా, ఆకుకూర ఒక్కసారిగా పెంచితే రక్తం పలచబడే మాత్ర పని సెయ్యదని డాక్టరు సెప్పేడు" అన్నాను.

"ఆకుకూర ఎవులికి సెడ్డ సేసిందే? తిను, రత్తం పడతాది" అని ఇంకో గరిటె వేసింది. ప్రేమతోనే వేసింది, అదే నా ఖర్మ.

కొన్నాళ్లకు నాలుగడుగులు నడిస్తే ఆయాసం మొదలైంది. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేదాన్ని. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నారు. చర్చి నిశ్శబ్దంగా ఉంది. అత్త నా వీపుకు చెవి ఆనించి ఒక్క కేక పెట్టింది.

"గడియారం ఆగిపోనాది! ప్రభువు నా కోడల్ని బాగు సేసేడు!"

హల్లెలూయాలు మోగాయి. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు మైకు చేతికిచ్చారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆగిపోయిన గడియారాన్ని బాగైందని ఎవరైనా అంటారా?

"నేను బాగవలేదు. వాల్వుకి రక్తం గడ్డ కట్టింది. నేను సచ్చిపోతన్నాను. నన్ను విశాఖపట్నం తీసికెళ్లండి" అన్నాను మైకులో.

అత్త నా చెయ్యి లాగింది. "అవిశ్వాసం మాటలాడకే!"

"విశ్వాసం ఉంది కాబట్టే బతకాలనుకుంటన్నాను. వదులత్తా."

మా ఆయన ఎలియాజరు తల్లి మొహం చూడకుండా వెళ్లి తన ఆటో స్టార్టు చేశాడు.

ఆసుపత్రిలో డాక్టరు స్కానింగు తీశాడు. గడ్డ పట్టి వాల్వు రెక్క కదలడం లేదట. మళ్లీ గుండె కొయ్యడానికి నా ఒంట్లో సత్తువ లేదు. గడ్డను కరిగించే మందు ఉంది కానీ దానివల్ల మెదడులో రక్తస్రావం కావచ్చు, గడ్డ ముక్క ఊడి పక్షవాతం రావచ్చు అన్నాడు. ఎలియాజరు బావురుమన్నాడు.

"ఎక్కించండి. నేనింకా దేనికీ జడిసిపోలేదు" అన్నాను. అబద్ధం.

సెలైనులో మందు చుక్కచుక్కగా దిగింది. మర్నాడు మధ్యాహ్నం నీరసంగా కళ్లు మూసుకున్నాను. టిక్కు. కాసేపాగి మళ్లీ టిక్కు. ఏ చప్పుడుకి సిగ్గుపడి చచ్చేదాన్నో దాన్నే విని వెక్కివెక్కి ఏడ్చాను.

నన్ను చూడ్డానికొచ్చిన అత్తకు డాక్టరు ఆకుకూరల సంగతి తనే వివరించాడు. ఆవిడ తలెత్తలేదు.

కాస్త కోలుకున్నాక చర్చికెళ్లి నేనే మైకు అడిగి తీసుకున్నాను.

"ఆవేళ అడిగిన సాక్ష్యం ఇప్పుడు సెప్తాను. అందరూ నోర్మూసుకోండి" అని మైకును గుండెకు ఆనించాను.

టిక్కు, టిక్కు, టిక్కు. ఒక్క పిల్లాడూ నవ్వలేదు. ముందు వరసలో అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది.

"గట్టిగా ఆనించే, ఎనకున్నోలికి ఇనపడతనేదు" అంది.